సింహాసనం మీద పొట్టి జాగిలం

కుందనగిరి కోట ఆ ఉదయం కళ్ళు చెదిరేలా వెలిగిపోతోంది. పాలరాతి బురుజుల మీద పట్టు పతాకలు రెపరెపలాడుతున్నాయి. రాజవీథి పొడుగునా కలువల తోరణాలు, కస్తూరి కలిపిన కళ్ళాపి, మేడల మీంచి కురుస్తున్న పన్నీటి తుంపర. ఏనుగుల నొసళ్ళ మీద ముత్యాల జాలర్లు, గుర్రాల మెడల్లో వెండి మువ్వలు. యువరాజు హేమాంగదుడి పట్టాభిషేకం ఆ రోజే. ఇంత వైభవానికీ ముందు నడవవలసినవి మాత్రం జానెడు కాళ్ళ కుక్కలు.

అవే కుందనగిరి రాజజాగిలాలు. నక్క మొహం, నిక్కిన చెవులు, బారెడు నడుము, ఉందో లేదో తెలియని తోక. వీపు మీద జీను వేసినట్టు ఒక మచ్చ. పూర్వం గంధర్వులు వీటి మీద స్వారీ చేసేవారని ఆ దేశంలో గట్టి నమ్మకం. గంధర్వులు అంత పొట్టివాళ్ళా అని అడిగినవాళ్ళని కోట బయటికి సాగనంపుతారు. కోట గోడల నిండా వీటి చరిత్రే చిత్రించి ఉంటుంది. ఒక గోడ మీద, యుద్ధంలో ఓడి పారిపోతూ కిరీటం వదిలేసి కుక్కని చంకన పెట్టుకున్న రాజు. ఇంకో గోడ మీద, పెళ్ళి పల్లకిలో పక్కన కుక్కని కూర్చోబెట్టుకున్న రాణి, పల్లకి వెనక నడిచి వస్తున్న పెళ్ళికొడుకు. పొరుగురాజు పిక్క పట్టుకుని ఒక యుద్ధానికి కారణమైన జాగిలానికైతే నాలుగు దారుల కూడలిలో శిలావిగ్రహమే ఉంది.

వీటి పెత్తనం అంతటితో ఆగదు. పట్టాభిషేకం నాడు కాబోయే రాజు నేల మీద చతికిలబడి, తన కంచంలోంచి పాలబువ్వ ముద్ద తీసి పట్టపు జాగిలానికి అందించాలి. అది తింటేనే పవిత్రజలం నెత్తిన పోస్తారు, కిరీటం పెడతారు. అది మొహం తిప్పుకుందంటే ఎంతటివాడైనా లేచి వెళ్ళిపోవలసిందే. శాస్త్రాలు చదివిన పురోహితులకి కూడా ఈ ఒక్క విషయంలో కుక్కే గురువు.

ఇలాంటి రోజున సారంగుడు యువరాజు ఏకాంతమందిరంలో, నేలకి అతుక్కుపోయినట్టు నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

సారంగుడు ఊరూరా తిరిగే నాటకాల మేళంవాడు. పట్టాభిషేకం నాడు నాటకం ఆడదామని వచ్చాడు. అతనికి నా అన్నవాళ్ళు లేరు, మిరియం తప్ప. మిరియం అతని కుక్క. ఎప్పుడో కోటగోడ దూకి పారిపోయిన ఏ రాజజాగిలం సంతానమో గానీ, అచ్చం వాటిలాగే ఉంటుంది. శాపం తగిలి కుక్కగా మారిన రాకుమారుడి వేషంలో దాన్ని మించిన నటుడు ఆ చుట్టుపక్కల దేశాల్లో లేడు. నేల మీద పెట్టిన కూడు ముట్టదు, విస్తరి వేస్తేనే తింటుంది. వెనక కాళ్ళ మీద నిలబడి ముందు కాళ్ళు జోడించి కన్నీళ్ళు పెట్టుకుంటే, చూసే ఆడవాళ్ళు పైటలు తడిపేసుకునేవాళ్ళు.

"వేట నుంచి తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ ఈ జాగిలాలకి తిక్క పట్టింది," అన్నాడు యువరాజు. "నన్ను చూస్తే చాలు మొరుగుతున్నాయి. అందుకని ఇవాళ పట్టపు జాగిలం వేషం నీ కుక్క వేస్తుంది. నా చేతి ముద్ద తింటుంది. తినకపోయిందో, నీ తలా దాని తలా పక్కపక్కనే కోటగుమ్మానికి వేలాడతాయి."

"వేషానికేం ప్రభూ, వేస్తుంది," అన్నాడు సారంగుడు. అప్పటికే భటులు మిరియాన్ని స్నానానికని ఎత్తుకుపోయారు. యువరాజు అలా ఎందుకు నవ్వాడో, నవ్వినప్పుడు నోట్లోంచి సన్నని పొగ ఎందుకు వచ్చిందో అతనికి అర్థం కాలేదు. రాజుల భోగాలు మనకేం తెలుసని సరిపెట్టుకుని జాగిలాల సాల వైపు పరుగెత్తాడు.

అక్కడ అతనికి ఉన్న మతి కూడా పోయింది. చందనం పూసి, ఎర్రపట్టు అంగీలు తొడిగి, నుదుట బొట్టు పెట్టి జాగిలాలన్నిటినీ వరసగా నిలబెట్టారు. ఒక మూలన విడిగా రెండు ఉన్నాయి. రెండూ మిరియాలే! అదే మొహం, అదే మచ్చ, ఎడమ చెవి చివర అదే చిన్న చిరుగు.

వాటి దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఆమె జాగిలాల దాది నాగసాని. తల్లి పాలు చాలకపోతే యువరాజుకి పాలిచ్చి పెంచింది కూడా ఆమే.

"ఇందులో నా కుక్క ఏదవ్వా?" అన్నాడు సారంగుడు.

"నన్నడుగుతావేం నాయనా? నీ కుక్క నీకు తెలీదూ?"

"వెయ్యి కుక్కల్లో ఉన్నా పోల్చుకుంటాననే అనుకున్నాను. రెండింటిలో పోల్చుకోలేకపోతున్నానే!"

నాగసాని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఈ రెండింటిలో ఒకటి కుక్క కాదు. మా బాబు. యువరాజు."

సారంగుడు ఆవిడ వైపు జాలిగా చూశాడు. వయసు మీదపడి మాట తడబడుతోందనుకున్నాడు.

"అలా చూడకు. నాకు మతి బాగానే ఉంది," అని గదమాయించింది నాగసాని. "వేటకని గుడ్లగూబల గుహ వైపు వెళ్ళాడు. ఆ గుహలో ధూమ్రకంఠుడనే మాంత్రికుడు ఉంటాడు. తిరిగి వచ్చినవాడు నన్ను చూసి, 'ఎవరీ ముసల్ది?' అన్నాడు. నా పాలు తాగినవాడు నన్ను ఆ మాట అంటాడా? అతని గుర్రం వెనకే ఈ కుక్క ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. వాడేమో దీన్ని గొలుసుతో కట్టి, చావకుండా తానే తిండి పెడుతున్నాడు. ఇవాళ స్నానాలకని భటులు ఆ గొలుసూ విప్పేశారు. ఎందుకో తెలుసా? ఒకరి రూపం ఎత్తుకుపోయినవాడు అసలు మనిషిని చంపకూడదు. మనిషి చస్తే రూపమూ చస్తుంది. రూపం వదిలేస్తే అది అసలువాడికి చేరుతుంది. పవిత్రజలం నెత్తిన పడిందా, ఇక ఆ రూపం వాడికే సొంతం. మా బాబు జన్మంతా కుక్కే."

"మరి నా కుక్కలా ఎందుకున్నాడు?"

"మీ ఆట ఏ సంతలోనో చూసి ఉంటాడు, ఆ పాపిష్ఠివాడు. కుక్కగా మార్చేటప్పుడు కళ్ళ ముందు మీ కుక్కే మెదిలి ఉంటుంది."

అంత భయంలోనూ సారంగుడికి కాస్త గర్వం కలిగింది. మాంత్రికులు కూడా తమ ఆట మర్చిపోలేకపోయారన్నమాట! వెంటనే ఆ గర్వానికి సిగ్గుపడి ఆలోచనలో పడ్డాడు. మిరియం ముద్ద తింటే యువరాజు బతుకు బుగ్గి. తినకపోతే మిరియం బతుకు బుగ్గి, తనదీ అంతే. దారి ఒక్కటే. ముద్ద అందించకముందే యువరాజుని తీసుకెళ్ళి రాజమాత వైజయంతీదేవి ఒళ్ళో పెట్టి సంగతంతా చెప్పాలి. అయితే ఇందులో యువరాజెవరు?

అతను రెండు కుక్కల ఎదుటా మోకరిల్లి, "తమరు యువరాజులైతే చేతులు జోడించండి" అన్నాడు.

అనీ అనగానే ఒక కుక్క వెనక కాళ్ళ మీద లేచి నిలబడి, ముందు కాళ్ళు జోడించి, బొటబొటా కన్నీళ్ళు కార్చింది. రెండోది కూడా ఏదో చేయబోయి, పక్కకి ఒరిగి, దబ్బున నీళ్ళ తొట్టిలో పడింది.

"ప్రభూ!" అని సారంగుడు మొదటిదాని కాళ్ళ మీద పడ్డాడు.

"నీ కుక్క కూడా అలా చేస్తుందన్నారే?" అంది నాగసాని అనుమానంగా.

"నేను వేలు చూపిస్తేనే చేస్తుందవ్వా. ఇప్పుడు నేను వేలు కదపలేదు, మాటే అన్నాను. మాటలు అర్థమయ్యేది మనిషికే కదా!"

ఆ లెక్క ఇద్దరికీ సబబుగానే తోచింది. సారంగుడు తొట్టిలో పడ్డదాన్ని పైకి తీసి, తుడిచి, నెత్తి నిమిరి, గడ్డం కింద గోకాడు. "ఒరే మిరియం, నేను వేలు చూపేదాకా ముద్ద ముట్టుకోకు. నేను వచ్చేస్తాగా, భయపడకు" అని బుజ్జగించాడు. ఆ కుక్క అతన్ని కరిచేలా చూసింది. పాపం, భయంతో అలా చూస్తోందనుకుని ఇంకో రెండుసార్లు నిమిరాడు. తర్వాత యువరాజుని భక్తిగా చేతుల్లోకి తీసుకున్నాడు. యువరాజు అతని మెడలో మొహం దూర్చి నాకబోతే, "తమరలా చేయకూడదు ప్రభూ, నేను తగినవాణ్ణి కాను" అని వినయంగా దూరం జరిపాడు. యువరాజు చెవులు వాల్చేసి అతని మొహంలోకి అయోమయంగా చూశాడు.

సభలోకి ఉన్న వేషంతో వెళ్ళే అర్హత నాటకాలవాడికి లేదు. సారంగుడు మూట విప్పి పొడుగాటి గడ్డం అతికించుకున్నాడు, జరీ తలపాగా చుట్టుకున్నాడు, యువరాజుని అంగరఖా లోపల పొట్ట మీద పెట్టుకుని పైన నడికట్టు బిగించాడు. క్షణంలో ఎక్కడో దూరదేశపు బొజ్జరాయబారి తయారయ్యాడు.

గుమ్మం దగ్గర ద్వారపాలకుడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఏ దేశం తమరిది?"

"ఉత్తరాన మంచుకొండల అవతల."

"అయ్యగారి పొట్ట కదులుతోందేం?"

"మీ ఊరి విందు, నాయనా. ఇంకా లోపల సర్దుకోలేదు."

అంతలో పొట్ట తుమ్మింది. ద్వారపాలకుడు నోరు తెరిచేసరికి సారంగుడు, "వైద్యుడెక్కడ? చచ్చానురోయ్!" అని అరుస్తూ అతన్ని తోసుకుని లోపలికి దూసుకుపోయాడు. వసారా మలుపులో, స్తంభం మీద పట్టపగలు కూర్చున్న గుడ్లగూబ ఒకటి కళ్ళు ఎర్రగా తిప్పి అతని పొట్ట మీదికి ఉరికింది. అది మాంత్రికుడి వేగు. గోళ్ళు అంగరఖాని చీల్చేలోగా సారంగుడు తలపాగా ఊడదీసి దాని మీద వేశాడు, గుడ్డలో చిక్కుకుని అది దొర్లుతూంటే పక్కనున్న గంగాళం బోర్లించి మూసేశాడు. వెనక నుంచి ద్వారపాలకులు, ముందు నుంచి మంగళవాద్యాలు. పిక్కబలం చూపించి సభాభవనంలోకి పడ్డాడు.

కానీ ఆలస్యం జరిగిపోయింది.

వైడూర్యాల స్తంభాల నడుమ, నెమలిపింఛాల గొడుగు కింద సింహాసనం ధగధగలాడుతోంది. దాని ఎదుట నేల మీద దొంగయువరాజు కూర్చున్నాడు. పక్కన పవిత్రజలం నింపిన బంగారు కలశం. మరో పక్క పీఠం మీద రాజమాత వైజయంతి, కొడుకు మొహంలో ఏదో వెతుకుతున్నట్టు చూస్తోంది. ఎర్రపట్టు అంగీ తొడుక్కున్న జాగిలం ఒక్కటే సభ మధ్య నుంచి నడిచి వస్తోంది.

"మిరియం!" అనుకున్నాడు సారంగుడు. అక్కడి నుంచి వేలు ఎత్తినా దానికి కనపడదు. రాజమాత దగ్గరికి పోవడానికి సందు లేదు.

దొంగయువరాజు ముద్ద చాపాడు. జాగిలం ఆ చెయ్యి దాకా వచ్చింది. వాసన కూడా చూడలేదు. చేతిని దాటుకుని సింహాసనం మెట్లెక్కసాగింది. పొట్టి కాళ్ళకి మెట్టు అందక జారింది, మళ్ళీ ఎగబాకింది, వెనక భాగం పైకి లాక్కోలేక గిలగిల కొట్టుకుంది. సభలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆఖరికి ఎలాగో పైకి చేరి, సింహాసనం నడిమధ్యన కూర్చుని సభనంతా కలయచూసింది. ఆ చూపుకి నవ్వులు ఆగిపోయాయి.

"ఇది నేను నేర్పలేదే!" అని సారంగుడు గొణిగాడు.

"పట్టుకోండి దాన్ని! గొలుసు వేయండి!" అని దొంగయువరాజు గర్జించాడు.

ఇక దాని తల గుమ్మానికి వేలాడినట్టే. సారంగుడికి మాంత్రికుడూ గుర్తులేడు, మారువేషమూ గుర్తులేదు. సింహాసనం వైపు చేతులు చాచి, "మిరియం! ఒరే మిరియం!" అని గొంతు పగిలేలా అరిచాడు.

అతని పొట్టలోంచి జవాబు వచ్చింది.

కుయ్యిమంటూ ఒక మొహం అంగరఖా చీల్చుకుని బయటికి వచ్చి, గడ్డం, చెవులు, ముక్కు వరసగా నాకేసింది. అతికించుకున్న గడ్డం ఊడి చేతిలో పడింది. సారంగుడికి అప్పుడు వెలిగింది. 'తమరు యువరాజులైతే చేతులు జోడించండి'. అది తమ నాటకంలో ముని అనే మాట! రోజూ వేరే నటుడి నోట వినీ వినీ అది మిరియానికి కంఠతా వచ్చేసింది. తను నమస్కరించింది తన కుక్కకి. తను గడ్డం కింద గోకింది ఈ దేశపు యువరాజుకి.

మిరియం క్షేమంగా తన చేతుల్లోనే ఉంది. వెనక తలుపు తెరిచే ఉంది. రాజులూ మాంత్రికులూ ఏమైనా చావనీ అనుకుని అతను ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. ఆ మాట దాచిపెట్టడం ఎందుకు?

"ఆగండి!" అని రాజమాత లేచి నిలబడింది. "ఈ రోజు జాగిలం మీద చెయ్యి వేసినవాడి చెయ్యి ఉండదు. అది మన ఆచారం. నా కొడుకువైతే నీకు తెలియాలి."

భటులు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. దొంగయువరాజు పళ్ళు కొరికి, ఆచారమూ లేదు, ముద్దా లేదన్నట్టు కంచాన్ని ఒక్క తన్ను తన్ని, పవిత్రజలం కలశం తానే ఎత్తి నెత్తి మీదికి వంచబోయాడు. సింహాసనం మీది జాగిలం గుండెలు పగిలేలా అరిచింది. అది కుక్క అరుపులా లేదు. తొట్టిలోంచి తీసినప్పుడు అది తనని చూసిన చూపు సారంగుడికి గుర్తొచ్చింది.

అతను మిరియాన్ని కింద పెట్టి వేలు చూపించాడు. "మిరియం, ఆట!"

ఎర్రబంతిలా దూసుకుపోయింది మిరియం. మాంత్రికుడి రెండు కాళ్ళ మధ్య నుంచి అటొకసారి ఇటొకసారి దూరింది. వాడు తూలాడు, కలశం జారింది, పవిత్రజలమంతా పాలరాతి నేల పాలైంది. అదే సమయానికి నాగసాని జాగిలాల సాల తలుపులు బార్లా తెరిచింది. ఎర్రంగీల దండు మొత్తం మొరుగుతూ సభలోకి విరుచుకుపడి, మెట్ల మీద, గొడుగు కింద, మంత్రుల ఒళ్ళో, ఎక్కడ చూసినా తానే అయింది. రాజమాత అరుపులు, పురోహితుల పరుగులు, బోర్లాపడ్డ పాలబువ్వ మీద జారిపడుతున్న సామంతులు!

మాంత్రికుడు నడిమధ్యన నిలబడి గిర్రున తిరిగాడు. "ఏది? వాడేది?" పొద్దుటి నుంచీ సారంగుణ్ణి పీడించిన ప్రశ్నే ఇప్పుడు వాడి నెత్తినెక్కింది. సింహాసనం దగ్గర ఒకేలాంటి కుక్కలు రెండు కనిపించాయి. ఒకటి మెట్టు దిగబోయి తలకిందులుగా దొర్లుతోంది. రెండోది సింహాసనం మీద వెనక కాళ్ళపై నిటారుగా నిలబడి, చేతులు జోడించి, కన్నీళ్ళు కారుస్తోంది.

"దొరికావురా యువరాజా! మళ్ళీ నిన్ను గుహలోనే కట్టేస్తా!" అని మాంత్రికుడు ఒక్క ఎగురు ఎగిరి, చేతులు జోడించినదాని మెడ పట్టుకున్నాడు. మరుక్షణం వాడి వీపు చీలి రెండు నల్లని రెక్కలు లేచాయి, మొహం రెండు ముక్కులుగా విడిపోయింది. మనిషి రూపం పొగలా రాలిపోయి, గండభేరుండపక్షి భయంకరంగా కూసింది. పట్టినదాన్ని వదలకుండానే భవనం కప్పు పగులగొట్టుకుని ఆకాశంలోకి లేచింది.

రాలిన పొగ మెట్ల దగ్గర సుడి తిరిగింది. తలకిందులుగా దొర్లుతున్న జాగిలం ఉన్నచోట, చిరిగిన ఎర్రంగీ భుజానికి వేలాడుతూ ఒక యువకుడు లేచి కూర్చున్నాడు. రాజమాత వెంటనే గుర్తుపట్టింది. "నాయనా హేమాంగదా!" అంటూ పమిట తీసి కప్పి గుండెలకి హత్తుకుంది. నాగసాని దూరం నుంచే నేలకి తల ఆనించి ఏడ్చేసింది. సభంతా జయజయధ్వానాలతో మారుమోగింది. భేరీలు మోగాయి. ఎవరెవరో వచ్చి సారంగుణ్ణి కౌగిలించుకున్నారు, భుజాల మీదికి ఎత్తారు. రాజమాత, "ఏం కావాలో కోరుకో నాయనా" అంటోంది.

సారంగుడు పగిలిన కప్పు వంకే చూస్తున్నాడు. ఆ కంతలోంచి కనిపిస్తున్న నీలాకాశంలో, నల్లని చుక్క ఒకటి చిన్నదవుతూ పోతోంది.

"నా మిరియం అమ్మా," అన్నాడు.

వాళ్ళ భుజాల మీంచి దూకి బయటికి పరుగెత్తాడు. రాజవీథిలో ఊరేగింపు గుర్రం ఒకటి కనబడితే దాని మీదికి ఎగబాకాడు. నాటకాల్లో వెదురుగుర్రమే తప్ప అసలుది ఎక్కి ఎరుగడు. కళ్ళెం ఎటు లాగాలో తెలియక తంటాలు పడుతూంటే ఒక చెయ్యి వచ్చి కళ్ళెం అందుకుంది. పమిట నడుముకి బిగించి, కత్తి ఒకటి దూసుకుని, వట్టి కాళ్ళతో హేమాంగదుడు.

"ప్రభూ, తమరు రావడమేమిటి? పట్టాభిషేకం…"

"గుడ్లగూబల గుహకి దారి నీకు తెలుసా?"

"తెలీదు."

"నాకు తెలుసు. నీ కుక్క నా వేషం వేసి నా బదులు పోయింది. నాకు రూపం తిరిగొచ్చిన సంగతి వాడు చూడకుండానే ఎగిరిపోయాడు. అది నేను కాదని, మనం గుహ చేరేదాకా వాడికి తెలియకూడదు. తెలిస్తే బతకనివ్వడు." హేమాంగదుడు ముందు ఎక్కి, సారంగుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని గుర్రాన్ని అదిలించాడు. "దానికి ఆట ఎంతసేపు ఆడగల ఓర్పు ఉంది?"

"నేను చాలనేదాకా ఆడుతుంది ప్రభూ," అన్నాడు సారంగుడు. పొద్దుటి నుంచీ అది తన మెడలో మొహం దూర్చబోతే దూరం జరిపాడు. నాకబోతే తగినవాణ్ణి కానన్నాడు. ఎందుకు కోపం వచ్చిందో తెలియక అది తన మొహంలోకి చూసిన ప్రతిసారీ దానికి దండం పెట్టాడు. గుండెలు పగిలేలా పేరు పెట్టి పిలిచిన ఆ ఒక్కసారి కూడా, వేరే కుక్క వైపు చూస్తూ పిలిచాడు.

కోట వంతెన దాటి గుర్రం కొండల దారి పట్టింది. ఎదురుగాలి మొహాన కొడుతోంది, పైన చుక్క ఇక కనపడటం లేదు, ఏ పిలుపూ అందనంత దూరం పోయింది. సారంగుడు యువరాజు భుజం పట్టుకుని జీను మీద లేచి నిలబడ్డాడు, ఆకాశమంతా వినిపించేలా మిరియాన్ని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.